పెద్దకర్మ కాకముందే కొత్త ప్రోనోటు

కౌలు రైతు చనిపోయాడన్న వార్త నగరం నుంచి వచ్చినా, రేపల్లె, బాపట్ల, తెనాలి వైపు నుంచి వచ్చినా చివరి వాక్యం ఒక్కటే: ‘అప్పుల భారం కుటుంబంపై పడింది’. ఏ చట్టం కింద పడిందో ఒక్క విలేకరీ అడగడు. ఆ వాక్యం చదివిన భార్యాబిడ్డలు కూడా అదే నిజమనుకుంటారు. నాకు కోపం అందుకే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 52వ సెక్షన్ ప్రకారం, చనిపోయిన మనిషి ఆస్తిలో వారసుల చేతికి వచ్చినంత మేరకే డిక్రీ అమలవుతుంది. వచ్చిన ఆస్తికి లెక్క చెప్పలేకపోతే, ఆ విలువ వరకే సొంత బాధ్యత. భార్య పుట్టింటి బంగారం, కొడుకు జీతం జోలికి ఆ డిక్రీ రాదు. చెక్కు బౌన్స్ కేసయితే నిందితుడి మరణంతో అతనిపై విచారణ ముగుస్తుంది. భార్యను ముద్దాయిగా నిలబెట్టలేరు.

‘తండ్రి అప్పు కొడుకు తీర్చాల్సిందే’ అనే మాట ఊరి నీతి మాత్రమే కాదు, ఒకప్పుడు చట్టం కూడా. 1874లో గిర్ధారీలాల్ కేసులో ప్రివీ కౌన్సిల్ దాన్ని గట్టిగా నిలబెట్టింది. జూదం వంటి అధర్మపు అప్పులు తప్ప మిగతావాటికి ఉమ్మడి ఆస్తిలో కొడుకు వాటా కూడా బాధ్యత వహించేది. 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ, 6(4) సెక్షన్‌తో దీనికి తెర దించింది. ఆ తేదీ తర్వాతి అప్పుకు పుత్రధర్మం ఒక్కటే కారణంగా చూపి కొడుకుపై వసూలుకు వెళ్లే హక్కును ఏ కోర్టూ గుర్తించకూడదు. తండ్రి వాటా మాత్రం బాకీకి లోబడే ఉంటుంది. సెంటు భూమి లేని కౌలుదారుకు ఆ వాటా ఎక్కడుంది?

మరి అప్పు కుటుంబం మీదికి ఎలా వస్తోంది? నోటు తిరగరాయడంతో. పెద్దకర్మ కాకముందే నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకొచ్చి, అసలుకు వడ్డీ కలిపి, భార్య చేతో కొడుకు చేతో కొత్త ప్రోనోటు రాయిస్తారు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 29వ సెక్షన్ ఇక్కడ కాటేస్తుంది: చనిపోయినవారి వారసుడిగా నోటుపై సంతకం చేసినవాడు, ‘నాకు సంక్రమించిన ఆస్తి మేరకే’ అని స్పష్టంగా రాయకపోతే సొంతంగా బాధ్యుడే. అంతవరకు లేని అప్పు ఆ సంతకంతో పుడుతుంది.

అప్పిచ్చినవాడి డబ్బు కూడా కష్టార్జితమే కావచ్చు. అతనికి దావా దారి తెరిచే ఉంది. మృతుడి ఆస్తి చూపించి వసూలు చేసుకోవచ్చు. శవం లేచిన ఇంట్లో రాయించుకున్న నోటును మాత్రం మామూలు నోటులా చూడటం అన్యాయం. కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్‌లోని అనుచిత ప్రభావం కోణంలో కోర్టులు దాన్ని పరీక్షించి తీరాలని నా వాదన. అయితే జవాబు దావాలో ఆ మాట ఎత్తనిదే కోర్టు తనంతట తాను ఎత్తదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. సమన్లు అందిన భార్య ముందు వెళ్లాల్సింది న్యాయసేవా కమిటీ దగ్గరికి, మరో వడ్డీ వ్యాపారి దగ్గరికి కాదు.