అందరికీ పెట్టి... ఆమె తినేదెప్పుడు?

ఇవాళ పొద్దున్న మీరేం తిన్నారు? ఇడ్లీయో, ఉప్మాయో, సద్దన్నమో ఠక్కున చెప్పగలిగితే సంతోషం. 'టీ తాగానుగా, ఇంకేం కావాలి' అంటారా? అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే.

ఖమ్మం జిల్లా నేలకొండపల్లినే తీసుకోండి. భక్త రామదాసు పుట్టిన ఊరు. చుట్టూ వరి, చెరకు, మిరప చేలు. మిర్చి ఏరే రోజుల్లో కూలికెళ్ళే ఆడవాళ్ళు కోడి కూయకముందే లేస్తారు. వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, వంట చేసి, పిల్లలకు డబ్బాలు కట్టి, చేతిలో టిఫిను గిన్నెతో ఆటో ఎక్కుతారు. బస్టాండులో కనిపించే టీచరమ్మో, ఖమ్మంలో ఆఫీసుకెళ్ళే అమ్మాయో హడావిడిలో వీళ్ళకేం తీసిపోరు. కూలికైనా కొలువుకైనా అందరిదీ ఒకటే మాట: 'టైము లేదు, మధ్యాహ్నం ఒకేసారి తిందాంలే.'

ఈ 'ఒకేసారి' ఎంత దూరమో లెక్కేశారా? రాత్రి 9 గంటలకు తిని, మర్నాడు ఒంటిగంటకు అన్నం ముందు కూర్చుంటే మధ్యలో 16 గంటలు. నిద్రలో ఒంటికి కావలసిన చక్కెరను కాలేయం తన నిలవలోంచి తీసి ఇస్తుంది. తెల్లారేసరికి ఆ నిలవ బాగా తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే మనం నీళ్ళ బిందెలు ఎత్తుతాం, బస్సు కోసం పరుగెడతాం, చేలో నడుం వంచుతాం. పది దాటాక తలనొప్పి, కళ్ళు తిరగడం, ఊరికే పిల్లల మీద విసుక్కోవడం. 'నాకీమధ్య ఒంట్లో బాగుండటం లేదే' అనుకుంటాం గానీ, కడుపు ఖాళీగా ఉందని మాత్రం అనుకోం.

ఆ ఖాళీ కడుపులో పోసే టీ ఆకలిని చంపుతుందే తప్ప తీర్చదు. పైగా కొందరికి మంట, పుల్లటి తేన్పులు. అన్నిటికంటే పెద్ద చిక్కు రక్తంతో వస్తుంది. తిండితోపాటు టీ తాగితే ఆ తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంటే ఇద్దరిలో ఒకరికంటే ఎక్కువ! దీనికి పొద్దుటి తిండి మానడమొక్కటే కారణం కాదు. కానీ ఇనుము, మాంసకృత్తులు అందే ఒక పూటను రోజూ చేజేతులా వదులుకునే స్తోమత మనకుందా?

ఇంకో సంగతి. చాలాసేపు ఏమీ తినకపోతే పిత్తాశయంలో పైత్యరసం కదలకుండా నిలవుంటుంది. రాళ్ళు పడటానికి అదొక దారి. పొద్దున్నే తినని అలవాటున్నవాళ్ళలో షుగరు వచ్చే అవకాశం మూడో వంతు దాకా ఎక్కువగా కనిపించిందని, పాత అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు 2019లో తేల్చారు. అలాంటివాళ్ళలో వేరే అలవాట్లు కూడా ఉండొచ్చు కాబట్టి తప్పంతా టిఫిను మీదే నెట్టలేం. ఇప్పటికే షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. కొన్ని మాత్రలు వేసుకుని తినకుండా పనిలో పడితే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఎప్పుడు తినాలో డాక్టరును అడిగి తెలుసుకోండి. గర్భిణులు కూడా కడుపు ఎక్కువసేపు మాడ్చుకోకూడదు.

'టిఫిను మానేస్తే సన్నబడతారటగా' అని కాలేజీ అమ్మాయిలు అడుగుతారు. ఉన్నమాట చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా పరిశోధకులు 2019లో 13 ప్రయోగాలు పరిశీలించి, పొద్దున్నే తిన్నంత మాత్రాన బరువు తగ్గరని చెప్పారు. మానినవాళ్ళలో కనిపించిన తేడా కూడా అరకిలోకి లోపే. తెలిసి, లెక్క చూసుకుని, మిగతా పూటల్లో పుష్టిగా తింటూ ఒక పూట మానడం వేరు. తినడానికి తీరిక దొరక్క, పళ్ళెంలో ఏమీ మిగలక మాడటం వేరు. మన ఇళ్ళల్లో జరిగేది రెండోది.

ఎందుకు జరుగుతుందంటే, వడ్డించేవాళ్ళు చివర తినాలన్నది మనకు ఉగ్గుపాలతో వచ్చింది. విరాటరాజు కొలువు తమ ఊళ్ళోనే ఉండేదని నేలకొండపల్లివాళ్ళు చెప్పుకుంటారు. ద్రౌపది సైరంధ్రిగా పనిచేసిన కొలువది. అంతకుముందు అరణ్యవాసంలో ఆమె దగ్గరున్న అక్షయపాత్ర కథ మనకు తెలిసిందే. ఎంతమంది తిన్నా తరగదు, ద్రౌపది తిన్నదా, ఆ రోజుకి ఖాళీ! తాను ముందు తింటే గిన్నె ఖాళీ అయిపోతుందన్న భయం మన ఆడవాళ్ళను ఇప్పటికీ వదల్లేదు.

ప్రభుత్వాలు పిల్లల పొద్దుటి ఆకలిని గుర్తించాయి. తమిళనాడు 2022లో, తెలంగాణ 2023లో బడిపిల్లలకు అల్పాహార పథకాలు మొదలుపెట్టాయి. 2015లో వచ్చిన ఆరోగ్యలక్ష్మి గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో గుడ్డు, పాలతో ఒక పూట భోజనం పెట్టింది. మంచిదే. కానీ కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు మాత్రమేనా ఆడదాని ఆకలి లెక్కలోకి రావలసింది? మిగతా రోజులకు ఆ లెక్క ఇంట్లోవాళ్ళే చూడాలి.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి తోడువేస్తే తెల్లారేసరికి సద్దన్నం సిద్ధం. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుంటే ప్రాణం లేచొస్తుంది. ఎండాకాలంలో వాసన మారితే మాత్రం పారేయండి. జొన్నరొట్టె, రాగిజావ, ఉడికించిన గుడ్డు, శనగ గుగ్గిళ్ళు, పల్లీలు బెల్లం, ఏదైనా సరే. పక్కన నిమ్మకాయో, జామపండో ఉంటే ఇనుము బాగా వంటబడుతుంది. టీ మానక్కర్లేదు. తిండికి గంట ముందో, గంట తర్వాతో తాగమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. లేవగానే గొంతు దిగదంటారా? మూట కట్టుకెళ్ళండి, ఎనిమిదిన్నరకో తొమ్మిదికో చేనుగట్టు మీదో, స్టాఫ్‌రూములోనో తినండి. మొదటి వాయి ఇడ్లీల్లో రెండు మీ పళ్ళెంలో తీసిపెట్టాకే పిల్లల డబ్బా మూత పెట్టండి.

అత్తగార్లూ, మీ కోడలు తిన్నదో లేదో ఒక్కసారి చూడండి. అయ్యవార్లూ, చెప్పులు తొడుక్కునే ముందు 'నువ్వు తిన్నావా?' అని అడగండి. అడిగి వెళ్ళిపోకండి, ఆమె తినేదాకా పిల్లవాడి జడో, బూట్లో మీరు చూసుకోండి. అక్షయపాత్ర కథ పురాణంలోనే ఉండనివ్వండి. మన ఇంటి గిన్నెలో అమ్మ వాటా ముందే తీసి పెడదాం.