‘రా’ అనే బూటకం

మేడ మీద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో స్టూలు, స్టూలు మీద వేయించిన పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు, అమెరికా నుంచి దిగిన పెద్దబావ తెచ్చిన డ్యూటీ ఫ్రీ సీసా. నేను మొదటిసారి విస్కీ రుచి చూసింది అక్కడే. రుచి చూశానంటే అబద్ధమే. నీళ్ల చెంబు అందుకోబోతుంటే మా చిన్న మామయ్య చెయ్యి పట్టుకున్నాడు. “ఏరా అల్లుడూ, పన్నెండేళ్ల సరుకులో నీళ్లు పోస్తావా? రా కొట్టు!” కొట్టాను. గొంతు నుంచి కడుపు దాకా కారం పూసినట్టయింది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే అందరూ నవ్వారు. ఆ విస్కీ ఎలా ఉందో నాకు ఈ రోజుకీ తెలియదు.

మా మామయ్యలాంటివాడు మందు పార్టీకి ఒకడైనా ఉంటాడు. ఆయన శాస్త్రంలో ఉన్నవి రెండే సూత్రాలు: నీళ్లు కలిపితే విస్కీ పాడవుతుంది, ఏళ్లు పెరిగేకొద్దీ గొప్పదవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాడికి అందరూ వీటినే నూరిపోస్తారు. రెండూ తప్పే.

ముందు ‘రా’ సంగతి తేలుద్దాం. బట్టీ నుంచి దిగిన మాల్ట్ స్పిరిట్‌లో ఆల్కహాలు 70 శాతం దగ్గర ఉంటుంది. స్కాట్లాండులో చాలామంది దానికి నీళ్లు కలిపి, 63.5 శాతానికి దించి ఓకు పీపాల్లో పోస్తారు. ఏళ్ల తర్వాత పీపా విప్పి మళ్లీ నీళ్లు కలుపుతారు. 40 శాతానికో 43 శాతానికో తెచ్చి సీసాలకెత్తుతారు. మన దేశంలో తయారైన సీసా తిప్పి చూడండి, 42.8 శాతం అని కనిపిస్తుంది. అంటే మామయ్య ‘రా’ అంటున్నది అప్పటికే నీళ్లు కలిసిన సరుకు. పీపాలోంచి తీసింది తీసినట్టు నింపే క్యాస్క్ స్ట్రెంగ్త్ సీసాలు వేరే ఉన్నాయి. వాటిలో నీళ్లు పోసుకోవడానికి విస్కీ పండితులే వెనకాడరు. కంపెనీవాడు కలిపితే కళ, మనం కలిపితే కల్తీనా?

విస్కీని పరీక్షించడమే ఉద్యోగంగా ఉన్న బ్లెండర్లు మామూలుగా నమూనాను 20 శాతం దగ్గరికి పల్చబరిచి వాసన చూస్తారు. ఘాటు తగ్గితేనే ముక్కు పనిచేస్తుంది మరి. 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కంప్యూటర్ నమూనాలతో పరిశీలించారు. విస్కీకి పొగవాసననిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం, ఆల్కహాలు చిక్కగా ఉన్నప్పుడు దాని మధ్యలో చిక్కుకుపోతుందనీ, పల్చబడితే పైకి తేలుతుందనీ తేల్చారు. జపనీయులకు ఈ పరిశోధనతో పనిలేదు. 1923లో యమజాకీ డిస్టిలరీ మొదలుపెట్టిన ఆ దేశంలో మిజువారి అంటే విస్కీ, ఐసు, నీళ్లు. అది భోజనం పక్కన పెట్టుకునే మర్యాదైన పానీయం.

“అయితే కోక్ పోసుకున్నా తప్పులేదన్నమాట!” అని ఎకసెక్కమాడేవాళ్లున్నారు. తప్పు కాదు, వృథా. నీళ్లు రుచిని విప్పుతాయి, కోక్ కప్పేస్తుంది. కోకే తాగాలనుకుంటే ఖరీదైన మాల్ట్ దేనికి?

ఇక వయసు. సీసా మీది 12 అనే అంకె, అందులో కలిసిన విస్కీల్లో అన్నిటికన్నా చిన్నదాని వయసు. అది పీపాలో గడిచిన కాలం లెక్కేగానీ రుచికి వేసిన మార్కు కాదు. పైగా ఆ కాలం అన్నిచోట్లా ఒకేలా నడవదు. చల్లటి స్కాట్లాండులో పీపాలోంచి ఏటా 2 శాతం దాకా ఆవిరైతే, బెంగళూరులో అది 10 శాతం దాటుతుంది. మన ఎండకు ఓకు చెక్క సారం తొందరగా దిగుతుంది. ఇక్కడి పీపాను పద్దెనిమిదేళ్లు దాచితే అడుగున మిగిలేది ఏపాటి? అదే బెంగళూరుకు చెందిన అమృత్ కంపెనీ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో విడుదల చేసింది ఎక్కడో కాదు, గ్లాస్గోలో. తర్వాత వాళ్ల ఫ్యూజన్ అనే మాల్ట్‌ను విస్కీ విమర్శకుడు జిమ్ ముర్రే తన 2010 విస్కీ బైబిల్ పుస్తకంలో ప్రపంచంలో మూడోస్థానంలో నిలబెట్టాడు. ఫ్యూజన్ సీసా మీద వయసు అంకె లేదు. మామయ్య కళ్లకద్దుకునే బ్లూ లేబుల్ మీదా లేదు! రంగు చూసి వయసు కట్టడమూ అంతే. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది.

మరి ఈ మూఢభక్తి ఎక్కడిది? నాకైతే ఇది సారా నేర్పిన అలవాటనిపిస్తుంది. నాలుకకు తగలకుండా మింగేయడం, మంటను ఓర్చుకోవడం, ఓర్చుకున్నవాణ్ని మగాడనడం. మన దగ్గర విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో చాలాభాగం మొలాసిస్ స్పిరిట్‌కు కాస్త మాల్ట్ చేర్చింది. యూరప్‌లో దాన్ని ఆ పేరుతో అమ్మనివ్వరు. దాన్ని కూడా రా కొట్టి, నియమం తప్పలేదని మురిసిపోవడం దేనికి?

కొత్తవాళ్లు చేయాల్సింది ఇది. ఫుల్ బాటిల్ కొనొద్దు. ఆ ధరలో పెద్ద వాటా పన్నులదే. బార్‌లో 30 మిల్లీలీటర్లు అడిగి రెండు గ్లాసుల్లో సగం సగం పోయండి. ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదానిలో ఒక చెంచా నీళ్లు కలపండి. ముక్కును గ్లాసులో ముంచకుండా, నోరు కాస్త తెరిచి వాసన చూడండి. మొదటిదాంట్లో స్పిరిట్ గుప్పుమంటుంది. రెండోదాంట్లో బెల్లం పాకమో, ఎండు ఖర్జూరమో, మగ్గిన అరటిపండో తగలొచ్చు. పీట్ అనే బురదనేల మట్టిని కాల్చిన పొగతో ఎండిన బార్లీ నుంచి వచ్చే ఐలా దీవి మాల్ట్‌లు కొన్ని టింక్చర్ అయోడిన్‌లా కొడతాయి. అవి నచ్చకపోతే మీ నాలుకకు లోటేం లేదు. ఒక గుక్క నోట్లో తిప్పి మింగి, ఊపిరి వదలండి. ఏ గ్లాసు బాగుందో మీరే చెప్పండి.

తాగనివాళ్లను పిలవడానికి కాదు ఈ వ్యాసం. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. అయినా తాగుతామనుకున్నవాళ్లకు ముప్పై మిల్లీలీటర్లను అరగంట చప్పరించడం, మూడు పెగ్గులు గటగటా దించడంకన్నా ఎన్నో రెట్లు నయం.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు. మామయ్యలూ, ఈసారి కుర్రాడు నీళ్ల చెంబు అందుకోబోతే చెయ్యి పట్టుకోకండి. చెంబే కాస్త ఇటు జరపండి.