పదార్థమునకొక పానమా?

ప్రతి భోజనపదార్థమునకును సరిగా నొక్క ద్రాక్షామద్యమే తగియుండుననియు, ఆ జోడు నెఱుగనివాడు రసజ్ఞుడు కాడనియు నొక సిద్ధాంతము లోకమున ప్రబలియున్నది. ఐరోపాఖండపు సంపన్నుల విందులలో పెరిగిన యీ సిద్ధాంతము నేడు మన మహానగరముల హోటళ్ల పట్టికలలోనికిని వచ్చి చేరినది. మద్యము త్రాగవలెనా, మానవలెనా యనునది వేరు ప్రశ్న. ఆ వాదమును మేమిప్పుడు తలపెట్టుట లేదు. ఈ సిద్ధాంతమున సత్యమెంత, ఆడంబరమెంత యనునదియే మా విచారణము.

సత్యము కొంత లేకపోలేదు. ఎఱ్ఱని ద్రాక్షామద్యమునకు వగరు నిచ్చునది ద్రాక్షతోలునందును గింజయందును ఉండు టానిను. మాంసముతోడను క్రొవ్వుతోడను గలిసినప్పుడు ఈ వగరు మెత్తబడును. చేపతో ఎఱ్ఱని మద్యము కూడదని అనుభవజ్ఞులు చిరకాలముగా చెప్పుచు వచ్చిన మాటకు 2009లో జపానుదేశపు పరిశోధకులు హేతువు చూపిరి. మద్యమునందలి యినుము హెచ్చినకొలది సముద్రాహారముతో నీచుకంపు హెచ్చుచున్నదని వారు కనుగొనిరి. అనగా దోషము రంగుది కాదు, ఇనుముది. ఇనుము తక్కువగా నున్న ఎఱ్ఱని మద్యము చేపకు శత్రువు కాదు. కారణము తెలిసినంతనే నియమపు కాఠిన్యము సడలినదని పాఠకులు గమనింతురుగాక.

ఇక నీ నియమముల వయస్సు నారయుదము. పూర్వము ఫ్రెంచివారి గొప్ప విందులలో అనేక పదార్థములను ఒక్కసారిగ బల్లపై నుంచుట ఆచారము. పందొమ్మిదవ శతాబ్దమున రష్యాపద్ధతి వ్యాపించి, పదార్థములొకదాని వెనుక నొకటి వరుసగా వచ్చుట మొదలైనది. వరుస యేర్పడినపిమ్మట ప్రతి వరుసకు నొక గ్లాసును ఏర్పడినది. తరువాత నీ విద్యకు పరీక్షలును బిరుదములును వచ్చినవి. ఇంగ్లండున మద్యపరిచారకుల కత్యున్నత పరీక్ష మొదటిసారి జరిగినది 1969లో. పట్టము లిచ్చు సంస్థ వెలసినది 1977లో. కాబట్టి యనాదిధర్మమువలె మనకు చూపబడుచున్నది నిజముగా నొక వడ్డన పద్ధతికి పుట్టిన బిడ్డ.

మరి ప్రసిద్ధములైన జోడు లెట్లు కుదిరినవి? ఫ్రాన్సుదేశమున ల్వార్ నది సముద్రమున గలియు ప్రాంతమున మస్కడే యను తెల్లని మద్యమును ఆలిచిప్పలతో సేవింతురు. అదే నదికి ఎగువను శావిన్యోల్ గ్రామపు మేకజున్నుతో సాన్సేర్ మద్యమును పుచ్చుకొందురు. ఆ గ్రామస్థులు వేయి సీసాలు రుచిచూచి యొకదానిని ఎన్నుకొనినవారు కారు. తమ కొండవాలున తీగ పండినది. అక్కడనే మేక మేసినది. రెండును ఒక్క బల్లపైకి చేరినవి. తరతరముల యలవాటు వానికి చెలిమి కూర్చినది. దానిని నేడు పండితులు సూత్రీకరించుచున్నారు.

ఇంగ్లండు కథ యింకను విచిత్రము. స్టిల్టను జున్నునకు పోర్టు మద్యమే జోడని యచ్చటివారి నమ్మకము. కాని పోర్టు పోర్చుగలుదేశపు సరకు. 1703 నాటి మెథ్యూన్ సంధిచే పోర్చుగలు మద్యములపై సుంకము ఫ్రెంచి మద్యములపై సుంకములో మూడింట రెండు వంతులను మించరాదని నిర్ణయింపబడినది. ఫ్రాన్సుతో వైరమును, సుంకపు తేడాయును కలిసి పోర్చుగలు పీపాలను ఇంగ్లండు రేవులకు రప్పించినవి. నాలుక తీర్పునకు ముందే సుంకపుకచ్చేరి తీర్పు వెలువడినది!

మద్యమును పండించు రైతు కోరిన దేమి? 1907లో దక్షిణ ఫ్రాన్సున ద్రాక్షరైతులు లక్షలకొలది వీధులకెక్కిరి. చక్కెరయు నీరును కలిపిన కల్తీమద్యము తమ కడుపు కొట్టుచున్నదని వారి మొఱ. నార్బను పట్టణమున సైనికుల తుపాకులకు కొందఱు బలియైరి. ఆ సంవత్సరముననే కల్తీని అరికట్టు చట్టము వచ్చినది. 1935లో ఊరిపేరును దుర్వినియోగము కాకుండ కాపాడు వ్యవస్థయు ఏర్పడినది. వారు ప్రాణములొడ్డి కోరినది ఏ పదార్థమునకేది జోడను పట్టిక కాదు. సీసాలో నున్నది నిజమైన ద్రాక్షరసమే కావలెనని. ఈ రెండు కోరికలలో నేది గొప్పదో చెప్పనక్కఱలేదు.

ఇప్పుడు మన విస్తరిని చూడుడు. పప్పు, ఆవకాయ, గోంగూర, చారు, పెరుగు, అన్నియు నొకే యాకున నుండును. ఒక్క ముద్దలోనే పులుపును కారమును ఉప్పును ఏకమగును. ఇందు దేనికి జోడు వెదకవలెను? పైగా మద్యసారము మిరపమంటను రేపును. పాలయందలి కేసీను ఆ మంట నార్పును. ఆ సంగతి నెఱిగియో యెఱుగకయో మన పెద్దలు పెరుగన్నముతో భోజనమును ముగించిరి. అందుకై యెవరును పరీక్షకు కూర్చుండలేదు, ఎవరికిని పట్టమీయలేదు.

మేము పరదేశపు రుచులను నిందించుట లేదు. శావిన్యోల్ రైతుబల్లయు మన వంటయింటి పీటయు చుట్టములే. మా ఆక్షేపణ యొక్కటే. పట్టిక చేతికి రాగానే మన యువకుడు తన నాలుకను నమ్మక, ప్రక్కవాని ముఖము చూచుచు, నోరు తిరుగని పేరును పలుకలేకపోతినే యని సిగ్గుపడుచున్నాడు. సిగ్గుపడినవాడు ధర నడుగడు, నచ్చలేదని చెప్పడు. అతని బెరుకే యమ్మువానికి లాభము. పది దేశముల వంటలను రుచిచూడవచ్చును, పదిమంది సలహాలను వినవచ్చును. కాని తినువాడు తాను. తీర్పు చెప్పవలసినదియు తన నాలుకయే. ఆ యధికారమును మాత్రము ఏ పట్టికకును ఒప్పగింపరాదు.