విడిచిన ప్రశ్నకు ఒక మార్కు

నార్వే దేశమున ఉన్నత పాఠశాలలలో చదువుకొను బాలబాలికలలో గణితప్రతిభ గలవారిని కనుగొని గౌరవించుటకై ఏటేట ఒక పోటీ జరుగుచున్నది. 26 ఏండ్ల వయసుననే గతించిన ఆ దేశపు గణితవేత్త నీల్స్ హెన్రిక్ ఆబెల్ పేర దానిని నెలకొల్పిరి. మొదటి పరీక్షలో 100 నిమిషములకు 20 ప్రశ్నలు. సరియైన యుత్తరమునకు 5 మార్కులు, తప్పునకు సున్న, ఏమియు గుర్తింపక విడిచినదానికి 1 మార్కు. వడపోతలు దాటిన కొలదిమంది ట్రాండ్‌హైమ్ నగరపు విశ్వవిద్యాలయమున తుదిపరీక్షకు కూర్చుందురు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌నకు నార్వే పక్షమున పోవువారి యెన్నికకును ఈ పోటీయే ఆధారము.

ఆ యొక్క మార్కు మమ్ము ఆకర్షించినది. తెలియనిదానిని తెలియదని విడిచిన బాలుడు గ్రుడ్డిగా గుఱిపెట్టి తప్పినవానికంటె ఒక మెట్టు పైన నిలుచుచున్నాడు. ఆబెల్ పేరు పెట్టుకొన్న పరీక్షకు ఇంతకంటె తగిన నియమము లేదు. అజ్ఞాతరాశి ఐదవ ఘాతమువఱకు పోవు సమీకరణమునకు సాధన దొరకినదని ఆబెల్ విద్యార్థిదశలోనే భావించెను. స్వదేశమున నెవ్వరును అందు తప్పు పట్టలేకపోయిరి. కోపెన్‌హాగెన్ పండితుడు డెగెన్ మాత్రము, ఒక్క ఉదాహరణము లెక్కించి చూపుమనెను. చూపబోయి ఆబెల్ తన పొరపాటును తానే కనిపెట్టెను. పిమ్మట 1824లో, మూలములతో అట్టి సమీకరణములను సాధించు సామాన్యసూత్రము అసంభవమని నిరూపించి, సొంత ఖర్చుతో 6 పుటల పొత్తముగా అచ్చొత్తించెను. ఖర్చునకు వెఱచి వాదమును మిక్కిలి కుదించుటచే అది చదువరులకు కొఱుకుడు పడలేదు.

ఏండ్లు పట్టిన ఇట్టి పనిని గడియారము కొలువగలదా? 100 నిమిషముల పరీక్షకు చుఱుకైనవాడు దొరకును. నిదానించి లోతునకు దిగువాడు జాఱిపోవచ్చును. ఈ లోపమును ఒప్పుకొనియే మేము ఈ పోటీని మెచ్చుచున్నాము. అసలు కొఱత వేఱొకటి: పోటీ ప్రతిభను కనుగొనగలదే గాని పెంచలేదు.

ఆబెల్ చదివిన పాఠశాల క్రిస్టియానియాలోనిది; ఆ నగరమే నేటి ఆస్లో. 1817లో అచ్చటి గణితోపాధ్యాయుడు ఒక బాలుని కొట్టగా కొలది దినములకే ఆ బాలుడు మరణించెను. అతని స్థానమున వచ్చిన యువకుడు హోల్మ్‌బో. తరగతిపాఠమును మించిన గ్రంథములను ఆబెల్‌చే చదివించినది ఈతడే. 1820లో తండ్రి పోయి కుటుంబము దారిద్ర్యమున పడగా, విశ్వవిద్యాలయపు ఆచార్యులు తమ జేబులనుండి యిచ్చి ఆబెల్‌ను పోషించిరి. 1826లో అచ్చట ఖాళీపడిన ఉద్యోగము హోల్మ్‌బోకు దక్కెను. శిష్యునకు స్థిరమైన పదవి దొరకనేలేదు. 1829 ఏప్రిల్ 6వ తేదీన ఆబెల్ క్షయచే మరణించెను. బెర్లినులో ఉద్యోగము కుదిరినదని క్రెల్లె వ్రాసిన జాబు దానికి రెండు దినముల తరువాతిది. గురుశిష్యుల స్నేహము మాత్రము చెడలేదు. 1839లో ఆబెల్ రచనలను సంపుటములుగా ప్రకటించినవాడు హోల్మ్‌బోయే.

2003 మొదలు నార్వే ప్రపంచ గణితవేత్తలకు ఆబెల్ బహుమతి నొసగుచున్నది. మద్రాసున జన్మించిన శ్రీ శ్రీనివాస వరదన్ 2007లో దానిని అందుకొనిరి. ఉపాధ్యాయులకు హోల్మ్‌బో పేర బహుమతి 2005లో గాని యేర్పడలేదు. శిష్యులకు పోటీ పెట్టిన చాలకాలమునకు ఆ దేశమునకు గురువు జ్ఞప్తికి వచ్చినాడు. ఆలస్యమైనను వచ్చినందులకు మేము సంతసించుచున్నాము.