బండ్లు నిలిపే చోటే వాన ఇంకాలి

కరవుకు పేరుమోసిన చిక్కబళ్ళాపురం జిల్లాలో వరద గురించి చర్చించవలసి రావడం విచిత్రంగానే తోస్తుంది. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని ఈ జిల్లాలో సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 75 సెంటీమీటర్లు. అయినా ఒక్క గట్టి వాన పడితే చాలు, పట్టణాల పల్లపు వీధులు జలమయమవుతున్నాయి. నాలుగు నెలలు గడిచేసరికి అవే వీధులలో నీటి ట్యాంకరు కోసం బిందెలు బారులు తీరుతున్నాయి.

ఈ విపరీతాన్ని సరిహద్దు ప్రజలు ఇటీవలి కాలంలోనే కళ్ళారా చూశారు. 2021 నవంబరు వానలకు జిల్లాలోని చెరువులు మరవలు పారాయి. చిత్రావతి ఉప్పొంగి, ఆంధ్ర వైపు చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద పదిమందిని వైమానికదళ హెలికాప్టరు కాపాడవలసి వచ్చింది. ఆ తరువాత రెండేళ్ళు తిరగకుండానే, 2023లో కర్ణాటక ప్రభుత్వం రాష్ట్రంలోని 236 తాలూకాలలో 223 తాలూకాలను కరవు పీడితమైనవిగా ప్రకటించింది.

వాన ఎంత కురిసిందన్నది మానవుని చేతిలో లేదు. కురిసిన వాన ఎక్కడికి పోతున్నదన్నది మాత్రం చాలావరకు అతని చేతిలోనే ఉంది.

సిమెంటు పరచిన నేల

2007లో కోలారు నుంచి విడివడి కొత్త జిల్లా ఏర్పడిన నాటినుంచి చిక్కబళ్ళాపురం రూపురేఖలు మారాయి. కార్యాలయాలు, కళాశాలలు, కల్యాణ మండపాలు, లేఅవుట్లు వెలిశాయి. 44వ జాతీయ రహదారి వెంట బాగేపల్లి వరకు హోటళ్ళు పెరిగాయి. నంది కొండకు వచ్చే సందర్శకులకు తోడు, 2023 జనవరిలో ఆవలగుర్కి వద్ద ఆదియోగి విగ్రహం ఆవిష్కృతమైన తరువాత వాహనాల రద్దీ మరింత హెచ్చింది. చింతామణిలో సంతకు, మార్కెట్టుకు వచ్చే ట్రాక్టర్లకూ టెంపోలకూ కొదవ లేదు.

వచ్చిన ప్రతి బండికీ నిలిపే చోటు కావాలి. ఆ చోటును శుభ్రంగా ఉంచే ఉద్దేశంతో కాంక్రీటు పోస్తున్నారు. ఒకనాడు మట్టినేలగా ఉన్నప్పుడు వానలో కొంతైనా ఇంకేది. నేడు పడ్డ నీరు పడ్డట్టే నిమిషాలలో వీధిలోకి దూకుతున్నది. అక్కడి మురుగు కాలువలు ఆ తాకిడికి తగినవి కావు. చెరువులకు చేర్చవలసిన రాజకాలువలు పలుచోట్ల పూడిపోయాయి, లేదా ఆక్రమణల పాలయ్యాయి. ఫలితంగా ఆ నీరు పల్లపు ఇళ్ళ గడపలు తడుతున్నది.

ఒక చిన్న లెక్క చూడవచ్చు. ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దానిమీద 5 సెంటీమీటర్ల వాన కురిస్తే రెండు లక్షల లీటర్ల నీరు చేరుతుంది. అంటే 5,000 లీటర్ల ట్రాక్టరు ట్యాంకర్లు నలభై! ఏడాది వాన మొత్తం లెక్కగడితే ఆ ఒక్క ఎకరం మీద పడేది 30 లక్షల లీటర్లు, అనగా ఆరువందల ట్యాంకర్లు. అందులో ఎండకు ఆవిరైనది పోగా సగం ఇంకినా లాభమే. భూగర్భ జలాన్ని పరిమితికి మించి తోడేస్తున్న ప్రాంతాలలో ఈ జిల్లా ఒకటి. వేయి అడుగులు దాటి బోరు వేసినా నీరు పడుతుందన్న భరోసా లేదు. పడిన చోట కూడా ఫ్లోరైడు బెడద ఉంది. ఇటువంటి జిల్లాలో ఆ ట్యాంకర్లను మురుగులో కలపడం శోచనీయం.

నీరింకే నేల ఎలా పనిచేస్తుంది?

దీనికి విరుగుడుగా నిపుణులు సూచిస్తున్నది నీరింకే కప్పు. ఇది మూడు విధాలుగా ఉంటుంది. మొదటిది ఇసుక దాదాపుగా కలపని కాంక్రీటు. ఇందులో 15 నుంచి 25 శాతం వరకు ఖాళీలు ఉండి, నీరు వాటి గుండా కిందికి జారుతుంది. రెండవది సందులు వదిలి పేర్చే దిమ్మెలు. ఆ సందులలో సన్నని కంకర నింపుతారు. మూడవది గడ్డి మొలిచే గళ్ళ దిమ్మెలు. పాత సత్రాల ముంగిళ్ళలో ఇసుక మీద రాతి బండలు పరచి, సందులు పూడ్చకుండా వదిలిన తీరు ఎరిగినవారికి ఇది బొత్తిగా కొత్త విద్య కాదు.

అసలు పని పైకప్పుది కాదు, దాని కింద పరిచే కంకర పొరది. మట్టి, పొడి లేని కంకరలో సుమారు 40 శాతం ఖాళీ ఉంటుంది. 30 సెంటీమీటర్ల మందాన పరిస్తే అది 12 సెంటీమీటర్ల వానను పట్టి ఉంచగలదు. ఆ నీరు మెల్లగా నేలలోకి దిగుతుంది. బంకమట్టి ఉన్నచోట, రాతిపొర పైకే ఉన్నచోట నీరు వేగంగా దిగదు. అక్కడ అడుగున రంధ్రాల గొట్టం వేసి, మిగులు నీటిని ఇంకుడు గుంతకో చెరువు కాలువకో మళ్ళించాలి. కంకరకు ఈ జిల్లాలో కొరత లేదన్నది గమనార్హం.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకోవడం అవసరం. పట్టణాలలో నేడు విరివిగా పరుస్తున్న ఇంటర్‌లాక్ దిమ్మెలన్నీ నీటిని ఇంకనిచ్చేవి కావు. కింద కాంక్రీటు పోసి, సందులలో సిమెంటు పూసి పరిచిన దిమ్మెలకూ సిమెంటు రోడ్డుకూ భేదం రంగులోనే తప్ప గుణంలో లేదు.

విదేశాల అనుభవం

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వాల్డెన్ పాండ్ ఉద్యానం వద్ద 1977లో వేసిన నీరింకే తారు నేల మూడు దశాబ్దాలకు పైగా పనిచేసింది. చైనా 2015లో 16 నగరాలను ఎంపిక చేసి, వాన నీటిని స్పాంజిలా పీల్చుకునే నగరాల నిర్మాణానికి పూనుకుంది. అయితే ఆ విధానానికి భారీగా వెచ్చించిన జెంగ్‌జౌ నగరంలో 2021 జూలై 20న ఒక్క గంటలో 20 సెంటీమీటర్ల వాన కురిసేసరికి ఆ ఏర్పాట్లేవీ ఆదుకోలేకపోయాయి. పొరుగున ఉన్న బెంగళూరులో 2022 సెప్టెంబరు 4వ తేదీ రాత్రి 13 సెంటీమీటర్లకు పైగా వాన పడి, ఐటీ కంపెనీల ప్రాంగణాలు సైతం మునిగిన సంగతి విదితమే.

దీనినుంచి నేర్వవలసిన పాఠం స్పష్టం. నీరింకే నేల తరచుగా వచ్చే మోస్తరు వానను అరికడుతుంది. కనీవినీ ఎరుగని వానను ఆపలేదు. చెరువులకూ రాజకాలువలకూ అది తోడు కాగలదు గాని ప్రత్యామ్నాయం కాజాలదు.

జాగ్రత్తలు తప్పవు

ఈ పద్ధతికి ప్రధాన శత్రువు దుమ్ము. క్రషర్ల పొడి, పొలం నుంచి వచ్చే ట్రాక్టరు చక్రాల ఎర్రమట్టి రంధ్రాలను పూడ్చివేస్తాయి. ముంగారు వానలకు ముందే ఊడ్చి, యంత్రంతో పీల్చి శుభ్రం చేయించాలి. ఆ పని మానితే కొద్ది సంవత్సరాలలోనే అది మామూలు కాంక్రీటుగా మారుతుంది. బరువు లారీలు తిరిగే దారిలో దీనిని వేయరాదు. మెకానిక్ షెడ్లు, పెట్రోలు బంకులు, కుళ్ళిన కూరగాయలు పోసే మార్కెట్టు మూలలు కూడా ఇందుకు తగవు. ఆ మలినం భూగర్భ జలంలో కలుస్తుంది. ఇంటి పునాదులకు ఆనించి వేయడమూ ప్రమాదమే. మొదటి ఖర్చు మామూలు నేలకంటే ఎక్కువేనన్నది కూడా దాచవలసిన విషయం కాదు.

ఎగువన నీరు ఇంకిస్తే దిగువకు అన్యాయం జరగదా అన్న శంక సరిహద్దు గ్రామాలలో సహజం. చిత్రావతిపై పరగోడు ఆనకట్ట విషయమై రెండు రాష్ట్రాల మధ్య ఎంత వాదం నడిచిందో ఆ గ్రామాలకు తెలియనిది కాదు. కాని ఎకరాలలో లెక్కించదగిన ఈ స్థలాలు నది ప్రవాహాన్ని మార్చగలిగినంత పెద్దవి కావు. వీటివల్ల తగ్గేది వాన పడిన గంటలోపే చెత్తను, చమురును మోసుకొని వాగులోకి దూకే మురుగు వరద మాత్రమే. దానివల్ల దిగువ గ్రామాలకు మేలే గాని కీడు లేదు.

చేయవలసినది

చిక్కబళ్ళాపురం, చింతామణి నగరసభలు, బాగేపల్లి పురసభ కోట్ల రూపాయలతో కొత్త పథకం కోసం ఎదురుచూడనక్కరలేదు. ఇకపై కట్టే ప్రతి ప్రభుత్వ కార్యాలయం, ఆసుపత్రి, కళాశాల అంచనాలలో కార్లు, ద్విచక్ర వాహనాలు నిలిపే భాగానికి నీరింకే నేలను చేరిస్తే చాలు. కల్యాణ మండపాలకు, హోటళ్ళకు అనుమతి ఇచ్చేటప్పుడు ఇదే నిబంధన విధించాలి. నిర్వహణకు ఏటా కొంత మొత్తం కేటాయించి, ఆ లెక్కను ప్రజల ముందు ఉంచాలి. రాజకాలువల పూడికతీత దీనితోపాటే సాగాలి.

ప్రజల పాత్రా తక్కువేమీ కాదు. ఊరి పంచాయతీ కార్యాలయం ముందో, గుడి ముందో సిమెంటు పోయబోతున్నప్పుడు "వాన నీరు ఎక్కడికి పోతుంది?" అని ఒక్కరు అడిగినా పనితీరు మారుతుంది. ఎక్కడో పడమటి కనుమలనుంచి ఎత్తినహొళె నీరు వస్తుందని ఈ జిల్లా ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నది. ఆ నీరు వచ్చేలోగా, సొంత ముంగిట కురుస్తున్న నీటిని వీధి పాలు చేసుకోకుండా కాపాడుకోవడం వివేకం.