ఉప్పు తిన్న జీపు



పద్యాలూ నిఘంటువులూ పట్టుకుని కాలక్షేపం చేసే నేను ఈసారి జీపు చాసీకి పట్టే తుప్పును గురించి వ్రాస్తున్నాను. "పంతులుగారికి ఇదేమి వేపకాయంత వెర్రి?" అని నవ్వుకున్నా సరే, చివరిదాకా చదవండి. మీలో పలువురు మంచు కురిసే దేశాలలో ఉన్నారు. కొందరికి పిల్లలో, తమ్ముళ్ళో అక్కడ ఉన్నారు. వారికైనా పనికివస్తుంది.

మా అబ్బాయి అమెరికాలో, డిట్రాయిట్ నగరానికి దగ్గరలో ఉంటాడు. గుట్టలూ ఇసుకదారులూ ఎక్కే జీపులంటే వాడికి చిన్ననాటినుండి మోజు. కొన్నేళ్ళ క్రితం 2001 నాటి పాత జీపు ఒకటి కొన్నాడు. దాని అడుగుభాగం కాటుక దిద్దినట్లు నల్లగా నిగనిగలాడుతున్నదని ఫోటో పంపి మురిసిపోయాడు. తరువాత ఒక శీతకాలంలో నేను అక్కడ ఉండగా, మనవరాలిని బడికి దింపడానికి బండిని వాకిట్లో వెనక్కు తీస్తుంటే బ్రేకు కాలికింద మెత్తగా నేలదాకా దిగిపోయింది. పక్కన పోసిన మంచుగుట్టకు తగిలి బండి ఆగింది. అదే ఏ నాలుగురోడ్ల కూడలిలోనో జరిగి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు.

షెడ్డులో బండిని పైకెత్తి, మెకానిక్కు చిన్న సుత్తితో చాసీ మీద తట్టాడు. నల్లని పూత పెచ్చుగా ఊడిపడింది. దాని వెనుక ఇనుము లేదు. అట్టలు అట్టలుగా తుప్పు ఉన్నది. బ్రేకు నూనె పారే సన్నని ఉక్కు గొట్టానికి చిల్లు పడింది. పాత తుప్పును గీకకుండానే దానిమీద రబ్బరు పూత పూసి ఎవరో మావాడికి అంటగట్టారన్నమాట.

ఉప్పు నాకు కొత్తది కాదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలు చినగంజాంలో గడిపాను. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022 నుండి బాపట్ల జిల్లా. ఊరి చెంతనే ఉప్పు కొటార్లు. ఆ గాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలేవి. నా సైకిలును వారానికొకసారి మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఆముదం గుడ్డతో తుడవాలని మా ఇంటి యజమానురాలు నేర్పింది. ఆ సైకిలు పదకొండేళ్ళు నన్ను మోసింది.

డిట్రాయిట్‌లో ఉప్పు గాలిలో ఉండదు, రోడ్డుమీద ఉంటుంది. ఆ నగరం కిందనే వెయ్యి అడుగులకు పైబడిన లోతులో నూరేళ్ళు దాటిన ఉప్పుగని ఉన్నది. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు కనుక, చక్రాలు జారకుండా మంచురోడ్లమీద ఉప్పు చల్లుతారు. మనుషుల ప్రాణాలు కాపాడే ఆ ఉప్పే బండ్ల ప్రాణం తీస్తుంది. తుప్పు పట్టడం విద్యుద్రసాయనిక చర్య; ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తుంది కనుక ఆ చర్య వేగం అందుకుంటుంది. ఉప్పుతోబాటు వాడే కాల్షియం, మెగ్నీషియం క్లోరైడులు గాలిలోని చెమ్మను పీల్చుకుని, వాన లేని రోజునకూడా ఇనుమును తడిగానే ఉంచుతాయి. ఇంకొక చిత్రం: ఉప్పుమంచు అంటిన బండిని వెచ్చని గరాజులో పెడితే బయట చలిలో ఉన్నదానికంటె త్వరగా తుప్పుపడుతుంది. మావాడు ప్రేమకొద్దీ చేసినది ఆ పనే!

ఇక నా అభిప్రాయం. తుప్పుకు మందు పూత కాదు, పోషణ. ఒక్కసారి డబ్బు పారేసి నల్లపూత పూయిస్తే బండి వజ్రకాయం అవుతుందనుకోవడం భ్రమ. కొత్త బండికి, శుభ్రమైన ఇనుముకు ఆ పూత కొంత మేలు చేయవచ్చు. పాత బండికి తుప్పుమీదే వేస్తే చెమ్మ లోపల చిక్కుకుని, కంటికి కనబడకుండా తింటుంది. ఇనుపమలానికి మండూరమని, సింహాణమని అమరకోశం పేర్లు చెప్పింది. మలం అన్నాక కడుగుతాము గాని కప్పిపెట్టము కదా!

"ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడు" అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. గడ్డకట్టని వాతావరణం చూసుకుని పది పదిహేను రోజులకొకసారి అడుగుభాగాన్ని మంచినీటితో కడిగించాలి. చలికాలం పోగానే చాసీ రంధ్రాలలోనుండి లోపలికి కూడా నీళ్ళు కొట్టించి, మట్టి పేరుకున్న చోట్లన్నీ తీయించాలి. గొట్టంలాంటి పాత చాసీలు లోపలినుండే కుళ్ళుతాయి. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ కూడా బ్రేకు గొట్టాల తుప్పుపై సుదీర్ఘమైన విచారణ జరిపి, 2007కూ అంతకు ముందుకూ చెందిన బండ్ల యజమానులకు 2015లో ఈ రెండూ చెప్పింది: అడుగు కడిగించండి, గొట్టాలు పరీక్ష చేయించండి.

కడిగినాక గీకడం. వదులు తుప్పును తీగబ్రష్షుతో తీసి, మిగిలినదానికి టానిక్ ఆమ్లం ఉన్న ద్రావకం పూస్తే అది నల్లని గట్టిపొరగా మారుతుంది. ఇది మనకు తెలియని విద్య కాదు. మన కలంకారీలో కరక్కాయ నీటిలో తడిపిన బట్టమీద, తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ పులియబెట్టిన నీటితో గీస్తే నల్లని గీత వస్తుంది. అక్కడా ఇక్కడా జరిగేది ఇనుము, టానిన్ల కలయికే.

ఆపైన నూనె. ఆరిపోయి బిరుసెక్కే పూతలకంటె, ఉన్నికొవ్వుతోనో నూనెతోనో చేసిన జిడ్డుపూత మేలు. సందులలోకి తానే పాకుతుంది. అయితే ఏటేటా, చలి మొదలుకాకముందే, పూయించాలి. నీరు కారే రంధ్రాలు మూయకూడదు. బ్రేకు పళ్ళాలకు, పొగగొట్టానికి జిడ్డు తగలకూడదు. మన ఎడ్లబండికి కందెన వేసినట్లే ఇదీ. కందెన ఒకసారి వేసి ఊరుకున్న రైతును నేను చూడలేదు.

బండి చెడిన నాటి రాత్రి మావాడు మెల్లగా అన్నాడు: "నాన్నా, బ్రేకు గొట్టం ఒక్కటి మార్పించి, మళ్ళీ నల్లరంగు కొట్టించి అమ్మేస్తే సరి. నాకు అమ్మినవాడూ అదే చేశాడుగా." వాడి మాటలో కోపం ఉన్నది, ఖర్చు భయమూ ఉన్నది. నేను ఒక్కటే అన్నాను: "ఈసారి వెనకసీట్లో ఎవరి మనవరాలు కూర్చుంటుందో నీకు తెలియదురా." వాడు మారుమాట్లాడలేదు. కుళ్ళిన చాసీ భాగం కోయించి కొత్త రేకు వెల్డింగు చేయించాడు. గొట్టాలన్నీ తుప్పుపట్టని రాగి-నికెల్ మిశ్రమంతో వేయించాడు. ప్రతి అక్టోబరులో నూనె పూయిస్తున్నాడు. అంత ఖర్చుకు వేరే బండి వచ్చేదని మిత్రులు ఎగతాళి చేశారట. నిజమే కావచ్చు. కాని చాసీ చేయిదాటిపోతే బండిని తుక్కుకు వేయడం కూడా ధర్మమే. మూసిపెట్టి అమ్మడమే అధర్మం.

తిరిగివచ్చాక ఆ ఫోటోలను మా మన్సూరాబాద్‌కు దగ్గరలోని ఆటోనగర్‌లో పాత జీపులు బాగుచేసే ఒక పెద్దాయనకు చూపించాను. చాలాసేపు చూసి, "సారూ, రంగు జూసి బండి గొనద్దు. కింద పండుకొని జూడాలె" అన్నాడు. ఆయన పాతికేళ్ళుగా అలాగే వీపు ఆన్చి చూస్తున్నాడు.

కనుక మంచుసీమలోని మిత్రులారా, పాత బండి కొనేముందు ఒక పాత దుప్పటి, ఒక టార్చి, ఒక చిన్న సుత్తి వెంట తీసుకువెళ్ళండి. మీ అనుభవాలు ఉంటే క్రింద వ్యాఖ్యలలో తెలుపగలరు. మావాడికి చదివి వినిపిస్తాను.