పచ్చనివన్నియు అడవులు కావు

తెల్లనివన్నియు పాలు కావని బిడ్డకు చెప్పని తల్లి లేదు. పచ్చనివన్నియు అడవులు కావని విద్యార్థికి చెప్పు ఉపాధ్యాయుడు మాత్రము అరుదుగా కనబడుచున్నాడు. ఏటేట వనమహోత్సవము వచ్చును. పిల్లలు బారులు తీరి మొక్కలు నాటుదురు. చెట్టు మంచిది, పచ్చదనము మేలు అను పాఠము వారి మనస్సులలో నాటుకొనును. 1950లో కె. ఎం. మున్షీ ప్రారంభించిన ఆ ఉత్సవము చేసిన ఉపకారమును కాదనుటకు వీలులేదు. కాని పాఠము అంతటితో ఆగిపోవుచున్నది. ఏ చెట్టు, ఏ నేలకు, ఎవరికి మేలు అను ప్రశ్న విద్యార్థికి తట్టుటయే లేదు.

నల్లమలలోగాని, శేషాచలములోగాని బాటవెంట నడచు పిల్లవానికి ఒక పొద కంటబడక మానదు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబి వన్నెల చిరుపూలు. గరుకైన ఆకు, నలిపినచో ఘాటైన వాసన. కాడపై సన్నని ముండ్లు. నల్లని చిన్న పండ్లు. దాని పేరు లంటానా. కొన్ని సీమలలో తలంబ్రాల మొక్క యందురు. మరికొన్నిట పులికంప యందురు. దాని పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణసీమలు. 19వ శతాబ్దారంభమున ఆంగ్లేయులు దానిని కలకత్తా సస్యోద్యానమునకు అలంకారార్థము తెచ్చిరి. దొరల తోటలకు కంచెయై అది దేశమంతట తిరిగినది. పిట్టలు పండు తిని విత్తును అడవిలో విడిచినవి. 2020లో వెలువడిన పరిశోధన ఒకటి, భారతదేశమున పులులు సంచరించు అడవులలో 40 శాతమునకు మించి, అనగా సుమారు 1,54,000 చదరపు కిలోమీటర్ల మేర, ఈ పొద వ్యాపించినదని తేల్చినది.

ఇది చేయు పని మెల్లనిది. పొద క్రింద వెలుతురు సోకదు, గడ్డి మొలవదు. తునికి, సార, వేగిస, నల్లమద్ది విత్తులు పడినను మొలక నిలువదు. ఆకు పశువులకు విషము. మేసినచో కామెర్లు వచ్చును, ఎండ తగిలిన చర్మము పుండ్లు పడును. గడ్డి కరవైన జింక చేలమీదికి వచ్చును. వేసవిలో ఎండిన కాడలు నేలమీది నిప్పును చెట్ల కొమ్మలదాక ఎక్కించును. అంత కాలినను వేరు చావదు. తొలకరి పడగానే అందరికంటె ముందు చిగుర్చునది అదియే.

పొద కమ్మిన చోట కూడ పెద్ద చెట్లు నిలిచియే యుండును. దూరమునుండి చూచువానికి అడవి చెక్కుచెదరలేదు. కాని వాని నీడలో వాని సంతానము లేదు. వృద్ధులు మాత్రమే మిగిలిన పల్లెవంటిదది. పదియేండ్ల పిల్లవాడు ఆ దృశ్యమును చూచి అడవియనగా ఇదియే యనుకొనును. మోకాటిలోతు గడ్డిని, దాని నడుమ తలయెత్తు లేతమొక్కలను వాడు చూచి యెరుగడు. పోయినదేదో తెలియనివాడు దానిని తిరిగి కోరడు గదా! ఉపాధ్యాయుడు జోక్యము చేసికొనవలసిన తావిది.

ఈ పాఠము నల్లబల్లకు లొంగునది కాదు. ఒక త్రాడు చాలును. పొద కమ్మిన చోట పది మూరల చదరము, పొద లేని చోట అంతే మరొక చదరము కొలిపించి, రెంటిలోను ఎన్ని మొలకలున్నవో, వాని పేర్లేమో పిల్లలచేత వ్రాయింపవలెను. పేర్లకడ తరగతి అంతయు, ఉపాధ్యాయునితో సహా, తెల్లమొగము వేయుట తథ్యము. అప్పుడు పసులకాపరిని పిలువవలెను. నల్లమలలోనైనచో చెంచు పెద్దను పిలువవలెను. ఆ పూటకు గురుపీఠము ఆయనది.

ఇందులో తెలుగు పండితునికిని పాలు గలదు. జనము పెట్టిన పేర్లు చరిత్రను దాచుకొన్నవి. తాకినవారికి దురద, పీల్చినవారికి ఉబ్బసము తెచ్చు మొక్కకు 'వయ్యారిభామ' యని పేరు పెట్టిన రసికుడెవ్వడో! 'సర్కారు తుమ్మ' కథ మరింత బోధకరమైనది. మెట్టసీమలలో వంటచెరకు కొరత తీర్చుటకై మద్రాసు రాజధాని అటవీశాఖాధికారి బెడ్డోమ్ దాని విత్తనములు కోరెను. 1877 ప్రాంతమున కడప మండలమందలి కమలాపురమున వానిని విత్తిరి. సర్కారు తెచ్చినది కనుక సర్కారు తుమ్మ. అది పేదల పొయ్యి వెలిగించినది, బొగ్గు కాల్చువారికి కూడు పెట్టినది. బీళ్లను, చెరువులను, పచ్చిక పట్లను కమ్మివేసినది కూడ అదియే. తెచ్చినవారు దుర్మార్గులు కారు. నేటి వనమహోత్సవమున మొక్క పంచు పెద్దలవలెనే వారును మేలు తలచిరి. విద్యార్థి ఈ చిక్కును చిక్కుగానే తెలిసికొనవలెను.

లేనిచో పాఠము పెడదారి పట్టును. పరదేశపుదెల్ల పగయని పిల్లలు తీర్మానింతురు. మిరప, వేరుసెనగ, సీతాఫలము అమెరికా ఖండమునుండి వచ్చినవే. మానవుడు పుట్టుచోటు దాటించిన జీవజాతులు 37,000కు మించుననియు, వానిలో హానికరములు 3,500కు పైబడుననియు జీవవైవిధ్యమునకు సంబంధించిన అంతర్జాతీయ వేదిక 2023లో ప్రకటించినది. పదింట తొమ్మిది నిరపరాధులన్నమాట. దోషము జన్మభూమిది కాదు, నడవడిది.

పెరికివేయుట ఎట్లని పిల్లలు తప్పక అడుగుదురు. లంటానాను పైన నరికిన ప్రయోజనము లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు సి. ఆర్. బాబు చూపిన పద్ధతిలో వేరుమొదలును నేలలోపల తెగగొట్టి, పొదను తలక్రిందులు చేసి యెండవేయుదురు. పిట్టలు వాలు చెట్లక్రింద మొలకలను ఏటేట ఏరి, ఆ చోట దేశవాళీ గడ్డిని పెంచుదురు. ఇది అటవీశాఖవారి పని. అభయారణ్యములలో పిల్లలచేత చేయింపదగినది కాదు. కర్ణాటకమున మలె మహదేశ్వర కొండలలో గిరిజనులు దాని కాడలనుడికించి, తొక్క తీసి కుర్చీలు అల్లుచున్నారు. చక్కని పనియే, పొదల విస్తారమునకు ఎన్ని కుర్చీలు చాలును?

బడి ఆవరణలోని వయ్యారిభామను మాత్రము పూత రాకముందే, చేతులకు తొడుగులు వేయించి, పెద్దల యెదుట పెరికింపవచ్చును. ఉబ్బసమున్న పిల్లలను దూరముగ నుంచవలెను. ఆకులపై చారల పెంకుపురుగు కనబడినచో దానిని చంపనీయరాదు. ఆ మొక్కను తినుటకై మెక్సికోనుండి తెప్పించి 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిన పురుగది.

త్రాడు పరచుటకు తగిన కాలము తొలకరి వెళ్లిన పిదప. మరుసటి యేడు అదే చోట, అదే కొలతతో మరల లెక్కింపవలెను. తరగతి మారిన విద్యార్థులు ఆ లెక్కల పుస్తకమును క్రింది తరగతివారి చేతికి అప్పగింపవలెను.